ఆకలి మాత్ర

అమీర్‌పేటలో మా కోచింగ్ సెంటర్‌కు నోరు నేనే. "సార్, డెమో క్లాస్ ఫ్రీ, రేపటి బ్యాచ్‌ల రెండే సీట్లున్నయి" అని ఫోన్లో ఊదరగొట్టడం దగ్గర్నుంచి, మెట్ల మీద గుంపుగా కూర్చునే పిల్లలను అదిలించడం వరకు అన్నీ నోటితోనే నడిపిస్తాను. పేరు ఇవాంజెలిన్. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఇవా. మా ఆయన నేతన్‌కు ఒళ్ళు మండినప్పుడు మాత్రం లౌడ్‌స్పీకర్.

ఆ నోరు ఒక మధ్యాహ్నం మూతపడింది.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఫోన్ నంబరు చెబుతుంటే రాసుకుంటున్నాను. నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే ఎగిరింది. ఇదేం రోగం దీనికి అనుకుని నవ్వాను కూడా. మళ్ళీ ఎగిరింది. పెన్ను జారి టేబుల్ కిందికి దొర్లింది. వేలి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి మోచేతికి ఎవరో లోపలి నుంచి తాడు పట్టి గుంజుతున్నట్టయింది. "ఆపు" అన్నాను నా చేతితో. నా చెయ్యి నా మాట వినలేదు. ఆ తర్వాత నాకేమీ తెలియదు. నిద్ర కూడా కాదు, అసలేమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను. వాచ్‌మన్ ఓదెలు బిల్డింగ్ తాళాల గుత్తి మొత్తం నా పిడికిట్లో కుక్కి, పైనుంచి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నాలుక కొరుక్కున్నాను, నోరంతా రక్తం రుచి. డ్రెస్ తడిసింది. చుట్టూ నేను రోజూ అదిలించే పిల్లలే.

"ఫికర్ చెయ్యకు మేడం, ఇనుము వట్టుకుంటే తగ్గుతది" అన్నాడు ఓదెలు.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. భయం ఇంకా రాలేదు. అది స్కాన్ తర్వాత వచ్చింది.

పంజాగుట్టలోని ఆస్పత్రిలో మాకు దొరికిన డాక్టర్ పేరు సంహిత. నాకంటే చిన్నదే అయ్యుంటుంది. స్కాన్ బొమ్మను తెర మీద పెట్టి, పెన్ను మొనతో రెండు చోట్ల చూపించింది. ఒకదాని చుట్టూ తెల్లగా పొగ కమ్మినట్టుంది. రెండోది చుట్టూ ఏమీ లేకుండా, నున్నగా, గుండ్రంగా, మధ్యలో ఒక చుక్కతో ఉంది.

"ఇవి నీటి తిత్తులు ఇవా గారు. టేప్‌వార్మ్ పిల్లలు. ఆ చుక్కే దాని తల."

నేతన్ కుర్చీలో ముందుకు జరిగాడు. మా అత్తమ్మ వజ్రమ్మ ఒళ్ళో మా పాప సెరీనా ఉంది. ఏడాదిన్నర పిల్ల. అత్తమ్మ పిల్ల చెవులు రెండు చేతులతో మూసేసింది, దానికేదో అర్థమవుతుందన్నట్టు.

"మా ఇంట్ల పంది కూర ముట్టం డాక్టరమ్మా. చర్చోళ్ళం అని అందరు గదే అంటరు గని, మాకు అలవాటే లేదు" అంది.

"పంది కూర సరిగ్గా ఉడకకుండా తింటే పురుగు పేగుల్లోకి వస్తుందమ్మా. తలలోకి వచ్చేది వేరే దారి, దాని గుడ్ల నుంచి. పేగుల్లో పురుగున్న మనిషెవరో చెయ్యి కడుక్కోకుండా ముట్టిన తిండి కావచ్చు, కడగని కొత్తిమీర కావచ్చు. ఎక్కడ తిన్నారో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు."

అమీర్‌పేట బండ్ల మీద నేను తిన్న ప్రతి ప్లేటూ కళ్ళ ముందు తిరిగింది. ఇంట్లో అందరికీ మలపరీక్ష చేయించమంది. అత్తమ్మ ఆ డబ్బీని కొంగు కింద దాచుకుని ల్యాబుకు తీసుకెళ్ళడం చూస్తే మామూలు రోజుల్లో అయితే పడీపడీ నవ్వేదాన్ని. ఎవరిలోనూ ఏమీ దొరకలేదు. ఎవరైనా దొరికితే కనీసం వాళ్ళ మీద అరిచేదాన్ని.

"ఎప్పటి సంది ఉన్నది ఇది?" అని అడిగాను.

"ఏళ్ళ నుంచి ఉండొచ్చు."

అంటే నా పెళ్ళికి అది వచ్చింది. నేను సెరీనాను కన్నప్పుడు నాతోపాటే నొప్పులు పడింది. నాకు జలుబు చేస్తే జ్వరం తెచ్చి నానా గోల చేసే నా ఒంటికి, తలలో ఒక పురుగు కాపురం పెట్టిందని తెలియనే లేదు.

"ఎట్ల తెలుస్తలేదు డాక్టర్? కాలికి ముల్లు గుచ్చుకుంటేనే చీము పడ్తది గదా?"

సంహిత పెన్ను మూత పెట్టింది. "దొంగ అంటే చీకట్లో నక్కి ఉంటాడనుకుంటాం. ఇది నక్కదు. వాచ్‌మన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయనకు నిద్రమాత్ర కలిపిన చాయ్ పోస్తుంది. మన రక్తంలో పురుగుల మీద పడి చంపే కణాలుంటాయి. ఈ తిత్తి వాటిని చల్లబరిచే పదార్థాలు తయారుచేసి వదుల్తుంది. మన ఒళ్ళు దాని మీదికి పంపిన ఆయుధాలను తన ఒంటికే అంటించుకుంటుంది, విరగ్గొట్టి తిండిగా కూడా వాడుకుంటుందంటారు. అందుకే ఇదిగో, దీని చుట్టూ వాపు లేదు." రెండో తిత్తిని చూపించింది. "ఇది మంచిగున్నది."

మంచిగున్నది! నా జన్మలో అంత భయం పుట్టించిన మాట వినలేదు.

"మరి ఫిట్స్ ఎందుకు వచ్చినయ్?" అన్నాడు నేతన్.

"మొదటిది ముసలిదైంది. చావొచ్చిన పురుగు ఆ చాయ్ పొయ్యలేదు. వాచ్‌మన్‌కు మెలకువ వచ్చింది. ఏళ్ళ తరబడి పక్కనే ఉన్న దొంగను చూసి కట్టె తీసుకుని ఊగిపోతున్నాడు. ఆ దెబ్బలు మెదడుకూ తగుల్తున్నాయి. వాపు అదే. బతికున్న పురుగుతో కంటే చస్తున్న పురుగుతోనే మనకు కష్టం."

నాకు కుర్చీలో నిద్రపోతున్న ఓదెలు కనిపించాడు. నా తలలో.

మూడు రకాల మాత్రలు రాసింది. ఫిట్స్ ఆపేది ఒకటి. రెండో తిత్తిని చంపేది ఒకటి. అది చస్తున్నప్పుడు వాపు రాకుండా వాచ్‌మన్‌ను పట్టి ఉంచేది ఒకటి. "ఈ మూడిట్లో ఏదీ సొంతంగా ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పింది. నేను విన్నాను. కానీ భయపడ్డ మనిషి చెవిలో ఒక్క మాటే మిగులుతుంది. నాకు మిగిలింది పురుగు.

ఇంకోటి కూడా చెప్పింది. "ఆ బొటనవేలే మీకు గంట. అది ఎగిరితే చేతిలో ఏమున్నా పక్కన పెట్టేసి కింద కూర్చోవాలి. స్నానానికి పోతే లోపల గడియ పెట్టొద్దు. పొయ్యి దగ్గరికి ఒక్కరే వెళ్ళొద్దు. పాపను నిలబడి ఎత్తుకోవద్దు."

మొదటివన్నీ సరే. ఆఖరుది నా వల్ల కాలేదు. సెరీనా రోజూ సాయంత్రం గేటు చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పైకెత్తి "అమ్మా, ఎత్తుకో" అంటుంది. నేను వంగితే నేతన్ అక్కడెక్కడి నుంచో "ఇవా!" అని అరుస్తాడు. "పో, నానమ్మ దగ్గరికి పో!" అని పిల్లను కసిరేదాన్ని. అది బిక్కమొహం వేసుకుని నిలబడేది. నేను గడియ పెట్టని బాత్రూములోకి పోయి ఏడ్చేదాన్ని. నల్లా తిప్పి ఏడవడానికి కూడా భయమే. నీళ్ళ చప్పుడులో నేను పడిపోతే ఎవరికీ వినబడదు.

బస్సులో కూర్చున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా కళ్ళు బొటనవేలి మీదే ఉండేవి. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను మాత్రం తెరిచి నా వేలునే చూసుకునేదాన్ని.

మాత్రలు మొదలయ్యాక వాపు మాత్ర ఇంకో పని చేసింది. ఆకలి! అది ఆకలి కాదు తల్లీ, దయ్యం. తిని చెయ్యి కడుక్కునేలోపే మళ్ళీ ఆకలి. సెరీనా గిన్నెలో వదిలేసిన ఉప్మా, నేతన్ టిఫిన్ బాక్సులో మిగిల్చిన అన్నం, అన్నీ ఊడ్చేశాను. మొహం ఉబ్బి గుండ్రంగా తయారైంది. మా సెంటర్లో ఒకావిడ "మళ్ళా విశేషమా మేడం?" అని కూడా అడిగింది. దానికి నేనిచ్చిన జవాబు ఇక్కడ చెప్పేది కాదు. ఇంట్లో ఆ మాత్రకు నేనే ఆకలి మాత్ర అని పేరు పెట్టాను.

అప్పుడే చర్చిలో ఆడవాళ్ళందరూ నాకోసం ఎస్తేరు ఉపవాసం పెట్టుకున్నారు. మూడు రోజులు అన్నం ముట్టకుండా ప్రార్థన చేసి, మూడో రోజు సాయంత్రం చర్చిలోనే అందరూ కలిసి గంజి తాగి విడుస్తారు. అత్తమ్మ నాతో ముందే చెప్పింది.

"నువ్వు తిను బిడ్డ. మందులు మింగేదానివి. నీకు బదులు మేముంటం గదా."

తినొచ్చు. కానీ షుగరున్న మా అత్తమ్మ, ఇళ్ళల్లో పనిచేసుకునే ఆడవాళ్ళు నాకోసం కడుపు మాడ్చుకుంటుంటే, నేను మూల కూర్చుని ఇడ్లీలు మింగాలా? అంత సిగ్గుమాలిన బతుకు నాకొద్దనిపించింది. నేను సుత ఉంటా అన్నాను. మందులకు నీళ్ళు తాగితే తప్పులేదని పాస్టరమ్మ అంది.

మొదటి రోజు మధ్యాహ్నానికే ఆకలి నన్ను నమిలేసింది. వంటింట్లోకి పోయి పంచదార డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాను. ఈ మాత్ర వేసుకుంటే ఉపవాసం నిలవదని అర్థమైంది. పురుగును చంపేది ఇది కాదు కదా, ఆకలి పుట్టించేదే కదా, మూడు రోజులకేమవుతుంది అనుకున్నాను. పురుగు మాత్ర మాత్రం క్రమం తప్పకుండా వేసుకున్నాను. దాన్ని చంపాలి నాకు. ఆకలి మాత్రను డబ్బాలోనే వదిలేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డాక్టర్‌ను అడగాలని తోచనే లేదు.

రెండో రోజుకు ఆకలి తగ్గింది. దేవుడు బలమిస్తున్నాడు అనుకున్నాను. మూడో రోజు పొద్దున్నుంచి తలనొప్పి. ఉపవాసానికి తలనొప్పి రాక ఏమొస్తుంది?

ఆ సాయంత్రం అత్తమ్మ గంజి కాచడానికి ముందే చర్చికి వెళ్ళిపోయింది. నేతన్ బేగంపేట ఆఫీసు నుంచి ఇంటికొచ్చి మమ్మల్ని తీసుకెళ్ళాలి. ఫోన్ చేశాడు.

"ట్రాఫిక్ల ఇరుక్కున్న. జర ఆగున్రి, నేనొస్త."

నాకేం పుట్టిందో, "పాపను అత్తమ్మ ఎంటవెట్టుకోని పోయింది. నేనొక్కదాన్నే మెట్రోల పోత, నువ్వు అటునుంచటే చర్చికి రా" అన్నాను. పాప నా కాళ్ళ దగ్గరే ఉంది. చాలా రోజులుగా ఫిట్స్ లేవు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా పిల్లను నా చంకనేసుకుని చర్చి గుమ్మం ఎక్కాలనిపించింది. నాకోసం పస్తులున్న ఆడవాళ్ళందరూ అది చూడాలనిపించింది.

"రా" అన్నాను. సెరీనా నమ్మలేదు. నేను మళ్ళీ చేతులు చాపితే ఎగిరి మెడకు చుట్టుకుంది. ఎంత బరువు పెరిగింది పిల్ల!

అమీర్‌పేటలో ఎక్కి, పక్క స్టేషన్ పంజాగుట్టలో దిగాం. లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్ల వైపు నడిచాను. కింద హారన్లు, ఫ్లైఓవర్ మీద బండ్లు. సగం మెట్లు దిగాను. పిల్ల వీపు మీద ఉన్న నా కుడి చెయ్యి వింతగా అనిపించింది.

బొటనవేలు ఎగిరింది.

కింద కూర్చో అని డాక్టర్ చెప్పింది. కూర్చుంటే పిల్ల? నేను ఊగిపోతే నా చేతుల్లో నుంచి జారి ఈ మెట్ల మీద దొర్లుతుంది. మళ్ళీ ఎగిరింది. మణికట్టు. ఎదురుగా నెత్తిన ఖాళీ పూలబుట్టతో ఒకామె పైకి వస్తోంది. ముఖాన పెద్ద బొట్టు, నెరిసిన జుట్టు. "అమ్మా, నా పిల్లను పట్టుకో" అనబోయాను.

మాట రాలేదు. నోరు తెరిచే ఉంది, నాలుక కదలడం లేదు. అమీర్‌పేట మొత్తం వినబడేలా అరిచే నోరు! ఎడమ చేత్తో పిల్లను ఆమె మీదికి తోసేశాను. బుట్ట పడి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. "ఏందమ్మా గిది, ఏందిది?" అని ఆమె అరుస్తోంది. పిల్ల ఆమె చేతుల్లోకి పోయింది, అంతవరకు చూశాను. రెయిలింగ్ పట్టుకుని కిందికి జారాను.

తర్వాత నాకేమీ తెలియదు.

ఆస్పత్రి వాసన. చేతికి సెలైన్. నేతన్ నా నుదురు తుడుస్తున్నాడు. మెట్రో వాళ్ళు అంబులెన్సు పిలిచారని, నా ఫోన్లో చివరి నంబరు నొక్కి తనకు చెప్పారని ఏదో అంటున్నాడు. నాకు ఒక్క సంగతే కావాలి. సెరీనా ఏది? "సె... సె..." అన్నాను. అంతకుమించి రాలేదు.

"మాట్లాడకు. మాట జర సేపట్ల వస్తదని డాక్టర్ చెప్పింది. పాప అమ్మ దగ్గర మంచిగున్నది, ఫికర్ చెయ్యకు."

లేదు! లేదు నేతన్, అమ్మ దగ్గర లేదు! అరుస్తున్నాను, గొంతు దాటి రావడం లేదు. నా అబద్ధాన్ని అతను నాకే తిరిగి చెబుతున్నాడు, ప్రేమగా. లేవబోతే నర్సు భుజాలు పట్టి పడుకోబెట్టింది. కుడి చెయ్యి మొద్దుబారి ఉంది. నా పిల్ల ఊరూ పేరూ తెలియని మనిషి చేతుల్లో ఎక్కడుందో, ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. నేను చెప్పలేను. అప్పటిదాకా నేను పడ్డ భయాలన్నీ భయాలే కావని తెలిసింది.

తలుపు తోసుకుని అత్తమ్మ వచ్చింది. ఒక్కతే.

"ఏమాయె బిడ్డ? నేతన్, పాపనేడ వెట్టినవ్ రా?"

నేతన్ చెయ్యి నా నుదుటి మీద ఆగిపోయింది. "నీ దగ్గర లేదా?"

"నా దగ్గరేంది? మీ ఎంట వస్తదంటిరి గదా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఎడమ చెయ్యి లేపి నెత్తిన బుట్ట ఉన్నట్టు చూపించాను. తర్వాత దుప్పటి మీద రెండు వేళ్ళను మెట్లెక్కుతున్నట్టు నడిపించాను. అత్తమ్మ "యేసయ్యా" అంటూ కూలబడింది. నేతన్ నా వేళ్ళనే చూస్తున్నాడు.

"మెట్లు... మెట్రో మెట్లా? ఎవరికన్న ఇచ్చినవా?"

తల ఊపాను. అతను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

స్టేషన్ ఆస్పత్రికి దగ్గరే. కానీ అతని ఫోన్ వచ్చేదాకా ఎంతసేపైందో నాకు తెలియదు. అత్తమ్మ నా పాదాలు పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. వీడియో కాల్. తెర నిండా నేతన్ ముఖం, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఇవా, పాపున్నది. ఈడనే, గా మెట్ల మీదనే. గని ఈమె ఇస్తలేదు నాకు!"

ఫోన్ తిరిగింది. ఆ పూలామె మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సెరీనా, ఆమె కొప్పులోంచి తీసిచ్చిన మాలలో మల్లెమొగ్గలు తెంపుతోంది. పక్కన సెక్యూరిటీ ఆయన దిక్కుతోచక నిలబడ్డాడు.

"నువ్వు తండ్రివని నాకేం ఎర్క?" అంటోంది ఆమె నేతన్‌తో. "గా అంబులెన్సు బండి ఎనుక మస్తు ఒర్లిన, ఆపలే. అందరు నా మనుమరాలే అనుకున్నరు. గీ సారు పోలీసులకిస్త అన్నడు, ఇయ్యనన్న. తల్లి నా చేతుల వెట్టింది, తల్లి చెప్తెనే ఇస్త. రుద్రమ్మనంటే ఈడ అందరికెర్కనే."

ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టారు. నన్ను చూసింది. నేను మాట రాక ఏడుస్తూ తల ఊపాను, మళ్ళీ మళ్ళీ ఊపాను. "అమ్మ!" అంది సెరీనా, తెర మీద నా ముక్కును వేలితో పొడుస్తూ. అప్పుడు లేచింది రుద్రమ్మ.

మాట ఆ రాత్రికే తిరిగి వచ్చింది. ముందు చెప్పాల్సింది చెప్పేశాను, ఆకలి మాత్ర సంగతి. అత్తమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. సంహిత కోప్పడుతుందనుకున్నాను. ఆమె కొత్త స్కాన్ చూపించింది. నున్నగా, "మంచిగా" ఉన్న రెండో తిత్తి చుట్టూ కూడా ఇప్పుడు తెల్లటి పొగ.

"పురుగు చస్తోంది. అంతవరకు మందు పనిచేసింది. మీరు వాచ్‌మన్‌ను లేపి, పట్టుకునే మనిషిని పంపించేశారు" అంది. "ఈసారి ఉపవాసం అంటే ముందు నాకు ఫోన్ చెయ్యండి. దేవుడికి నేను సర్దిచెబుతా."

అత్తమ్మ ఆ రాత్రి నుంచి నేను ఆ మాత్ర మింగి నోరు తెరిచి చూపిస్తే గానీ కదల్లేదు. తర్వాత నా కంచంలో ఎంతంటే అంత అన్నం పెట్టింది. సిగ్గుపడకుండా తిన్నాను.

కొన్ని నెలలకు తీసిన స్కాన్లో రెండూ ఎండిపోయి చిన్న తెల్ల మచ్చలుగా మిగిలాయి. చచ్చాయి, కానీ పోలేదు. ఆ మచ్చలు ఎప్పుడైనా మెదడును రెచ్చగొట్టవచ్చట, ఫిట్స్ మాత్ర ఇంకా వేసుకోవాలి. "పాపను ఎత్తుకోవచ్చా?" అని అడిగాను. "కూర్చుని" అంది సంహిత.

ఇంటికి వచ్చాం. గేటు చప్పుడుకు సెరీనా పరిగెత్తుకొచ్చింది. ఎప్పటిలా చేతులెత్తలేదు. నా కుర్తా అంచు పట్టి కిందికి లాగింది.

"కూసో" అంది. "అమ్మ, కూసో."

ఎవరు నేర్పారో తెలియదు. వాకిట్లోనే, చెప్పుల పక్కన కూర్చున్నాను. అప్పుడు చేతులెత్తింది. ఒళ్ళోకి లాక్కుని దాని జుట్టులో ముఖం దాచుకున్నాను. కళ్ళు మూసుకున్నాను, చాలా రోజుల తర్వాత.

నా కుడి బొటనవేలు ఎగిరింది.

నేతన్ అని పిలవాలి, మాట ఉందో లేదో తెలియదు. మళ్ళీ ఎగిరింది. మెల్లగా కళ్ళు తెరిచి కిందికి చూశాను. సెరీనా నా వేలిని తన పిడికిట్లో పట్టుకుని, ఏదో పాట పాడుకుంటూ అటూ ఇటూ ఊపుతోంది.

"ఊపకు బిడ్డా" అన్నాను. మాట వచ్చింది. ఆ మాట వచ్చినందుకే ఏడ్చాను. అది ఊపుతూనే ఉంది. నేను లేవకుండా అక్కడే కూర్చున్నాను.